కాలకపోయినా ఐదున్నరేళ్ళ మౌనం: నోత్రదామ్ ఆర్గాన్ చరిత్ర, నిర్మాణం

క్లుప్తంగా: 2019 ఏప్రిల్ 15న పారిస్‌లోని నోత్రదామ్ చర్చి కప్పు తగలబడినప్పుడు అక్కడి పెద్ద ఆర్గాన్‌కు, అంటే గొట్టాల్లోకి గాలి పంపి పలికించే వాయిద్యానికి, మంట అంటలేదు. అయినా అది మళ్ళీ పలకడానికి 2024 డిసెంబర్ దాకా పట్టింది. సీసపు దుమ్ము అందుకు తక్షణ కారణం. అసలు కారణం మాత్రం ఆ వాయిద్యం కట్టుబడిలోనే ఉంది. దాదాపు 8,000 గొట్టాలను విప్పి, కడిగి, తిరిగి పెట్టడంతో పని ముగియదు. ప్రతి గొట్టాన్నీ ఆ హాలులోనే మళ్ళీ శ్రుతికి తేవాలి. అందులో 18వ శతాబ్దపు గొట్టాలు ఇప్పటికీ పలుకుతుంటే, 20వ శతాబ్దం చివర్లో పెట్టిన కంప్యూటర్‌ను మాత్రం అప్పుడే మార్చేయాల్సి వచ్చింది.

2024 డిసెంబర్ 7 సాయంత్రం నోత్రదామ్ తలుపులు తెరుచుకున్నప్పుడు, పారిస్ ఆర్చిబిషప్ లోరాన్ ఉల్రిక్ ఆర్గాన్‌ను ఉద్దేశించి ఎనిమిది సార్లు పిలిచారు. "మేలుకో" అన్నది మొదటి పిలుపు. ఒక్కో పిలుపుకీ ఆర్గనిస్టులు ముందే రాసుకున్న సంగీతంతో కాకుండా మనోధర్మంతో బదులిచ్చారు. ఒలివియే లాత్రీ, వాన్సాన్ ద్యుబోవా, తియెరీ ఎస్కేష్, తిబో ఫజోల్ అనే నలుగురు వంతులవారీగా వాయించారు.

ఆ ప్రసారం చూసిన చాలామందికి రెండు అనుమానాలు వచ్చాయి. కప్పంతా కూలిన చర్చిలో ఆ వాయిద్యం ఎలా మిగిలింది? మిగిలితే ఇన్నేళ్ళు ఎందుకు పలకలేదు?

మంట తప్పింది, దుమ్ము తప్పలేదు

నోత్రదామ్ పెద్ద ఆర్గాన్ చర్చికి పడమటి కొసన, ప్రధాన ద్వారం పైన ఉన్న రాతి బాల్కనీలో ఉంటుంది. దాని వెనక గుండ్రటి రంగుటద్దాల కిటికీ, అటూ ఇటూ రెండు గోపురాలు. మంటలు కప్పులోని ఓక్ దూలాలను మింగేశాయి. సన్నటి శిఖరం చర్చి మధ్యభాగంలో కూలింది. పడమటి వైపు రాతి కమాను నిలబడింది, అగ్నిమాపక దళం గోపురాలకు మంట పాకకుండా ఆపగలిగింది. మంటలు ఆర్పడానికి చిమ్మిన నీళ్ళు కూడా ఆర్గాన్ మీదికి పెద్దగా రాలేదు. చర్చి తూర్పు భాగంలో ఉండే చిన్న ఆర్గాన్‌కు ఆ అదృష్టం దక్కలేదు. అది నీటికి బాగా దెబ్బతింది.

కప్పు మీదా శిఖరం మీదా పరిచిన వందల టన్నుల సీసం ఆ వేడికి కరిగి, పసుపు రంగు ధూళిగా చర్చి అంతటా పరుచుకుంది. ఆర్గాన్‌లోకీ దిగింది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆర్గాన్ లోహపు గొట్టాలను చేసేది తగరం, సీసం కలిపిన మిశ్రమంతోనే. కాబట్టి ఆ దుమ్ము వల్ల గొట్టాల లోహానికి వచ్చిన నష్టం పెద్దగా లేదు. నష్టమంతా గాలి నడిచే సన్నటి దారుల్లో, తోలు పొరల్లో, మీటల సందుల్లో, గొట్టం నోటి దగ్గర ఉండే సన్నని చీలికలో చేరిన దుమ్ము వల్లే. పైగా సీసం మనుషులకు విషం. ఆర్గాన్‌కు గాలి అందించే ఫ్యాన్ వేస్తే ఆ విషం మళ్ళీ హాలంతా ఎగురుతుంది. అంటే శుభ్రం చేయకుండా కనీసం ఎంత పాడైందో వాయించి చూడటానికి కూడా వీల్లేదు.

దీనికి తోడు, 2019 జూలై 25న పారిస్‌లో ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకు చేరింది. కప్పు లేని చర్చిలో ఆ వేడికీ తర్వాతి చలికీ చెక్క, తోలు ఉబ్బి కుంచించుకుపోయాయి. మొత్తం విప్పి బాగుచేయడం తప్ప దారి లేదన్న నిర్ణయం వెనక ఉన్న లెక్క ఇది.

గాలి నుంచి నాదం దాకా

ఆర్గాన్ పనిచేసే తీరు సూత్రంగా చూస్తే సులువే. ఫ్యాన్ గాలిని తోస్తుంది. ఆ గాలి పెద్ద తిత్తుల్లో నిలిచి, వాటి పైన పెట్టిన బరువుల వల్ల ఒకే ఒత్తిడితో గాలిపెట్టెల్లోకి వెళ్తుంది. గాలిపెట్టె పైన గొట్టాలు వరుసలుగా నిలబడి ఉంటాయి. వాయించేవారు కీబోర్డు మీది మెట్టు నొక్కితే ఆ స్వరానికి చెందిన మూత తెరుచుకుంటుంది. అయితే ఏ వరుస గొట్టాలకు గాలి అందాలన్నది మెట్టు చేతుల్లో లేదు. దానికి స్టాప్ అనే వేరే మీట ఉంటుంది. స్టాప్ లాగి, మెట్టు నొక్కితేనే గొట్టం పలుకుతుంది.

చర్చి గోడలు దద్దరిల్లే ఆ నాదానికి వాడే గాలి ఒత్తిడి మాత్రం చాలా తక్కువ. ఆర్గాన్ నిర్మాతలు దాన్ని నీటిమట్టంలో కొలుస్తారు. 100 మిల్లీమీటర్ల నీటిమట్టం అంటే వాతావరణ పీడనంలో సుమారు నూరో వంతు. ఇక్కడ కావలసింది గాలి బలం కంటే దాని నిలకడ. ఒత్తిడి కాస్త ఊగినా స్వరం వణుకుతుంది.

గొట్టాలు రెండు జాతులు. మొదటిది ఈల పద్ధతి. గాలి సన్నటి చీలిక గుండా వచ్చి గొట్టం నోటి పై పెదవిని తాకుతుంది, లోపలి గాలి స్తంభం కంపిస్తుంది. ఆ స్తంభం ఎంత పొడవుంటే స్వరం అంత మంద్రం. రెండోది రీడ్ పద్ధతి. గొట్టం అడుగున ఇత్తడి నాలుక ఒకటి కంపిస్తుంది, పైనున్న గొట్టం దానికి బలాన్నీ రంగునూ ఇస్తుంది. ట్రంపెట్‌లా మోగే స్టాప్‌లన్నీ ఈ జాతివే.

తెలుగు పాఠకులకు తెలిసిన హార్మోనియంతో పోలిస్తే తేడా తెలుస్తుంది. పద్యనాటకాల్లో కాళ్ళతో తొక్కుతూ వాయించే హార్మోనియంలో తిత్తి, మెట్లు, రీడ్లు అన్నీ ఉన్నాయి. గొట్టాలు మాత్రం లేవు. దాని ఇత్తడి నాలుక ఒక చీలికలో అటూ ఇటూ స్వేచ్ఛగా ఊగుతుంది, స్వరం నాలుక కొలత మీదే ఆధారపడుతుంది. హార్మోనియం పేటెంట్ కూడా పారిస్‌దే, 1842లో అలెగ్జాందర్ దబాన్‌కు దక్కింది. అంతకు కొన్నేళ్ళ ముందే, నోత్రదామ్ ఆర్గాన్‌కు ఇప్పటి రూపం ఇచ్చిన అరిస్తీద్ కవాయే-కోల్ కూడా ఊగే రీడ్లతో ఒక చిన్న వాయిద్యం తయారుచేశాడు. తూలూజ్‌లో దాన్ని విన్న స్వరకర్త రొస్సీనీ అతన్ని పారిస్‌కు రమ్మని ప్రోత్సహించాడు. మన నాటక రంగంలోని పెట్టెకీ పారిస్‌లోని ఆ మహా వాయిద్యానికీ అలా దూరపు చుట్టరికం ఉంది.

ఎనిమిది వేల గొట్టాలు ఎందుకు?

నోత్రదామ్ ఆర్గాన్‌కు చేతులతో వాయించే కీబోర్డులు ఐదు, కాళ్ళతో వాయించే పెడల్ వరుస ఒకటి. స్టాప్‌లు 115. చేతి కీబోర్డులో మెట్లు 56. సాధారణ స్టాప్ ఒక్కోదానికి మెట్టుకో గొట్టం చొప్పున 56 కావాలి. పెడల్ స్టాప్‌లకు అంతకంటే తక్కువ చాలు. కొన్ని స్టాప్‌లలో మాత్రం ఒక్క మెట్టుకే నాలుగైదు చిన్న గొట్టాలు కలిసి పలుకుతాయి. ఇవన్నీ కలిపితే 8,000కు దగ్గరవుతుంది. బయటికి కనిపించే వెండి రంగు గొట్టాలు ఇందులో కొద్దిపాటి భాగమే.

స్టాప్‌ల పేర్ల పక్కన అడుగుల్లో అంకె ఉంటుంది. 8 అడుగులు అంటే ఆ వరుసలో అన్నిటికంటే మంద్ర స్వరం పలికే గొట్టం పొడవు, సుమారు 2.4 మీటర్లు. 4 అడుగుల వరుస దానికి ఒక స్థాయి పైన, 16 అడుగుల వరుస ఒక స్థాయి కింద పలుకుతాయి. 32 అడుగుల గొట్టం దాదాపు 10 మీటర్లు, సెకనుకు 16 కంపనాలు. అది చెవికంటే ముందు కూర్చున్న బెంచీకి తెలుస్తుంది. మరో కొసన ఉన్న గొట్టాల్లో పలికే భాగం వేలి గోరంత కూడా ఉండదు.

ఈ అంకెల్లో 2⅔ లాంటి భిన్నాలు కూడా కనిపిస్తాయి. అవి విడిగా వాయించడానికి ఉద్దేశించినవి కావు. ఏ స్వరంలోనైనా దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతల కంపనాలు సన్నగా కలిసే ఉంటాయి. వాటి పాళ్ళను బట్టే వేణువు, వయొలిన్ వేరువేరుగా వినిపిస్తాయి. ఆ పాళ్ళను విడి గొట్టాలతో కలిపి కొత్త నాదాలు తయారుచేయడం ఆర్గాన్ నిర్మాతల విద్య. నోత్రదామ్‌లో కవాయే-కోల్ ఏడింతల కంపనాన్ని ఇచ్చే వరుసలు కూడా పెట్టాడు. ఆ ఏడో స్వరం పియానో మెట్లకు అందదు. మన లెక్కలో కైశిక నిషాదానికి కాస్త కింద పడుతుంది. విడిగా వింటే అపశ్రుతిలా ఉండే ఆ గొట్టం, మిగతావాటితో కలిసినప్పుడు మంద్ర స్వరాలకు గరుకైన బరువునిస్తుంది. ఫ్రెంచ్ ఆర్గాన్ గర్జనలో దాని వాటా చిన్నది కాదు.

నిర్మాతల చేతుల్లో చేరిన పొరలు

ఆర్గాన్ మొదట్లో చర్చి వాయిద్యం కాదు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలోని క్టెసిబియస్ అనే ఇంజినీరు నీటి బరువుతో గాలి ఒత్తిడిని నిలకడగా ఉంచే గొట్టాల వాయిద్యాన్ని తయారుచేశాడు. రోమన్ల కాలంలో అది ఆటలపోటీల మైదానాల్లో మోగేది. 757లో బైజాంటియం చక్రవర్తి ఐదో కాన్‌స్టంటైన్ ఫ్రాంకుల రాజు పెపిన్‌కు ఒక ఆర్గాన్‌ను కానుకగా పంపాడు. పశ్చిమ యూరప్ చర్చిల్లోకి అది స్థిరంగా చేరింది ఆ తర్వాతి శతాబ్దాల్లోనే.

నోత్రదామ్ పడమటి బాల్కనీలో 1403లో ఫ్రెడరిక్ షాంబాన్త్స్ కొత్త ఆర్గాన్ నిలబెట్టాడు. ఇప్పుడు కనిపించే చెక్కడాల పెట్టె, ఫ్రాన్స్వా తియెరీ ఆర్గాన్‌ను విస్తరించిన 1730ల నాటిది. 1780ల్లో ఫ్రాన్స్వా-ఆన్రీ క్లికో దాన్ని మళ్ళీ పెంచాడు. ఆ వెంటనే ఫ్రెంచ్ విప్లవం వచ్చింది. తగరం, సీసం కోసం దేశంలో ఎన్నో ఆర్గాన్లను కరిగించారు. 1793లో నోత్రదామ్‌ను మతం బదులు హేతువును కొలిచే ఆలయంగా మార్చినా ఆర్గాన్ బతికి బయటపడింది. దేశభక్తి గీతాలు వాయించడానికి పనికొచ్చింది కాబట్టే వదిలేశారని చెబుతారు.

1860ల్లో వాస్తుశిల్పి వియొలే-లె-ద్యుక్ చర్చి మరమ్మతులు చేయిస్తున్నప్పుడు ఆర్గాన్ పని కవాయే-కోల్‌కు దక్కింది. పాత గొట్టాల్లో మంచివన్నీ ఉంచుకుని, 86 స్టాప్‌ల కొత్త వాయిద్యాన్ని కట్టాడు. 1868 మార్చి 6న జరిగిన ప్రారంభ కచేరీలో వాయించినవారిలో స్వరకర్తలు సెజార్ ఫ్రాంక్, సాన్-సాన్స్, విదోర్ ఉన్నారు.

అంత పెద్ద వాయిద్యం సాధ్యపడటానికి కారణం ఒక చిన్న పరికరం. అంతకుముందు మెట్టు నుంచి గాలిపెట్టె మూత దాకా చెక్క పట్టీలు, తీగలతో నేరుగా లంకె ఉండేది. మూతను లోపలి గాలి ఒత్తిడి మూసి పట్టుకుంటుంది కాబట్టి, దాన్ని తెరవడానికి వేలు ఆ ఒత్తిడిని ఓడించాలి. ఒక మూతకైతే ఇబ్బంది లేదు. రెండు మూడు కీబోర్డులు జతచేసి వాయిస్తే ఒక్క మెట్టు మీదే మూడు నాలుగు మూతల బరువు పడుతుంది. వేళ్ళు పనిచేయవు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన చార్లెస్ బార్కర్ ప్రతి మెట్టుకీ ఒక బుల్లి తిత్తి అమర్చాడు. వేలు దానిలోకి గాలి వదిలితే చాలు. అది ఉబ్బి, బరువు పని తానే చేస్తుంది. 1841లో పూర్తయిన సాన్-దెనీ చర్చి ఆర్గాన్‌లో కవాయే-కోల్ దీన్ని తొలిసారి వాడాడు. ఆర్కెస్ట్రాలా రాసిన 19వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆర్గాన్ సంగీతం వెనక ఈ తిత్తుల చాకిరీ ఉంది.

1900 నుంచి నోత్రదామ్‌లో ప్రధాన ఆర్గనిస్టు లూయీ వియేర్న్. చూపు దాదాపు లేని మనిషి. గాలి కోసం మనుషులు తిత్తులు తొక్కే రోజులు పోయి విద్యుత్ ఫ్యాన్ వచ్చింది ఆయన కాలంలోనే, 1920ల్లో. 1937 జూన్ 2న కచేరీ మధ్యలో ఆయన కీబోర్డు ముందే కుప్పకూలి చనిపోయాడు. పాదం పెడల్ మీద ఉండిపోయి ఒక మంద్ర స్వరం ఆగకుండా మోగిందని ఆ రోజు అక్కడున్నవారు చెప్పుకున్నారు. ఈ కథలో వాయిద్యం స్వభావం కూడా ఉంది. పియానో స్వరం కొట్టిన క్షణం నుంచే తగ్గిపోతుంది. ఆర్గాన్ స్వరం మాత్రం మెట్టు వదిలేదాకా, ఫ్యాన్ తిరిగినంతసేపు, మొదట ఎంత ఉందో అంతే ఉంటుంది.

ఒకే ఊరు, ఒకే నిర్మాత, రెండు దారులు

1955లో ఆర్గనిస్టు పదవికి వచ్చిన పియేర్ కోషెరో మనోధర్మ సంగీతానికి ప్రపంచమంతా పేరుపొందాడు. ఆయన హయాంలో బార్కర్ తిత్తులు పోయి, 1960ల్లో మెట్టుకీ మూతకీ మధ్య విద్యుత్ లంకె వచ్చింది. కొత్త స్టాప్‌లు చేరాయి. శ్రోతల వైపు అడ్డంగా పొడుచుకొచ్చిన ట్రంపెట్ గొట్టాలు అప్పటివే. ఆయన తర్వాత 1990-92 మధ్య పెద్ద మరమ్మతు జరిగి, ఆ లంకె కంప్యూటర్ చేతికి వెళ్ళింది. ఇరవై ఏళ్ళు తిరక్కముందే అదీ పాతబడి, 2012-14 మధ్య కన్సోల్‌తో (కీబోర్డులు, స్టాప్ మీటలు ఉండే బల్లతో) సహా మార్చారు. 2019 మంటల నాటికి ఆ వ్యవస్థ వయసు ఐదారేళ్ళే.

సేన్ నదికి అవతలి ఒడ్డున సాన్-సుల్పీస్ చర్చి ఉంది. అక్కడి ఆర్గాన్‌ను కూడా క్లికో పాత గొట్టాలను వాడుకుంటూ కవాయే-కోల్ 1862లో కట్టాడు. ఐదు కీబోర్డులు, వంద స్టాప్‌లు. దాన్ని విద్యుత్‌కు మార్చలేదు. బార్కర్ తిత్తులు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. 1870 నుంచి 1933 దాకా విదోర్ ఒక్కడే అక్కడ ప్రధాన ఆర్గనిస్టు. మార్పులు జరగకపోవడానికి ఆ స్థిరత్వం కూడా కొంత కారణమే అనుకోవాలి.

19వ శతాబ్దం ఎలా వినిపించేదో తెలుసుకోవాలంటే సాన్-సుల్పీస్‌కు వెళ్ళాలి. నోత్రదామ్‌లో అది దొరకదు. అక్కడ 18వ శతాబ్దపు పెడల్ రీడ్లు, కవాయే-కోల్ వేణువులు, కోషెరో కాలపు ట్రంపెట్లు ఒకే హాలులో కలిసి పలుకుతాయి. కవాయే-కోల్ అభిమానులు కోషెరో మార్పులను దశాబ్దాలుగా తప్పుపడుతున్నారు. కానీ తియెరీ పనిని క్లికో, క్లికో పనిని కవాయే-కోల్ మార్చినప్పుడు జరిగిందీ ఇదే. ఒక దశ దగ్గర గీత గీసి ఇదే అసలైనదనడం కష్టం. 2019 తర్వాత మరమ్మతు చేసినవారు కూడా ఆ గీత గీయలేదు. మంటకు ముందు ఎలా ఉందో అలా తిరిగి ఇవ్వడమే లక్ష్యంగా పెట్టుకున్నారు.

విప్పడం నాలుగు నెలలు, నాదం దిద్దడం ఆరు నెలలు

2020 ఆగస్టులో మొదలుపెట్టి డిసెంబర్‌కల్లా కన్సోల్‌ను, గొట్టాలను, 19 గాలిపెట్టెలను కిందికి దించారు. చెక్కడాల పెట్టెను అక్కడే ఉంచి శుభ్రం చేశారు. సీసం తుడిచిన భాగాలు మూడు వర్క్‌షాపులకు వెళ్ళాయి. వోక్లూజ్ జిల్లాలోని కువారాన్, కోరేజ్‌లోని కాత్యో-షెవ్రోన్ సంస్థలు, ఎరో జిల్లా లొదేవ్‌లోని మరో ఆర్గాన్ తయారీ సంస్థ ఆ పని పంచుకున్నాయి. గాలిపెట్టెల్లో తోలు మార్చడమే పెద్ద పని. గొట్టం శతాబ్దాలు నిలుస్తుంది, గాలి బయటికి పోకుండా ఆపే తోలు మాత్రం ఎండి పగులుతుంది.

2023 చివరికి భాగాలన్నీ తిరిగి బాల్కనీకి చేరాయి. బయటివారికి పని అయిపోయినట్టే కనిపించిన ఈ దశలోనే అసలు పని మొదలైంది. గొట్టాన్ని వర్క్‌షాపులో శ్రుతి చేసి తెస్తే చాలదు. ఆ హాలు రాయి, ఎత్తు, ప్రతిధ్వని కలిశాక అది ఎలా వినిపిస్తుందో అక్కడే తేలుతుంది. ఒకరు కన్సోల్ దగ్గర మెట్టు నొక్కి వింటారు. ఇంకొకరు లోపల గొట్టాల మధ్య నిలబడి, నోటి చీలికను వెంట్రుకవాసి సవరిస్తారు, రీడ్ నాలుక వంపు దిద్దుతారు. పక్క గొట్టంతో పోలిక, మళ్ళీ సవరణ. 2024లో దాదాపు ఆరు నెలలు ఈ పని సాగింది, అదీ రాత్రుళ్ళే. పగలంతా చర్చిలో మేస్త్రీలు, వడ్రంగుల చప్పుడు. ఆ గోలలో గొట్టం గుసగుస ఎవరికి వినిపిస్తుంది?

ఒక అదనపు చిక్కు కూడా ఉంది. కప్పు కింది రాతి కమానులకు చిల్లులు ఉన్నంతకాలం చర్చిలో ప్రతిధ్వని తగ్గిపోయింది. కమానులు మళ్ళీ మూసి, రాతికి పట్టిన శతాబ్దాల మసి తీసేశాకే హాలుకు దాని గొంతు వచ్చింది. ఆర్గాన్‌ను ముందే బిగించి నాదం దిద్ది ఉంటే, ఆ పనంతా మళ్ళీ చేయాల్సి వచ్చేది. ఆలస్యంలో కొంత భాగం ఈ క్రమం వల్లే.

ఇకపై ఏం చూడాలి?

మొదటిది ఉష్ణోగ్రత. గాలి వేడెక్కితే అందులో శబ్దవేగం పెరుగుతుంది, ఈల గొట్టాల శ్రుతి పైకి జరుగుతుంది. డిగ్రీకి దాదాపు 0.17 శాతం చొప్పున, 440 కంపనాల స్వరం పది డిగ్రీల తేడాకు ఏడెనిమిది కంపనాలు కదులుతుంది. రీడ్ గొట్టాలు అంతగా కదలవు. దాంతో వేసవిలో, చలికాలంలో రెండు జాతుల మధ్య శ్రుతి చెడుతుంది. రీడ్లు సంఖ్యలో తక్కువ కాబట్టి ట్యూనర్లు మామూలుగా వాటినే సవరిస్తారు. పారిస్ వేసవులు ముదిరేకొద్దీ ఈ పని పెరుగుతుందే తప్ప తగ్గదు.

రెండోది ఎలక్ట్రానిక్స్. బార్కర్ తిత్తుల వ్యవస్థ ఇక్కడ సుమారు వందేళ్ళు నడిచింది, 1992 కంప్యూటర్ పాతికేళ్ళు కూడా నడవలేదు. డిజిటల్ లంకె వల్ల వందలాది స్టాప్ కలయికలను ముందే గుర్తు పెట్టుకుని ఒక్క బటన్‌తో మార్చే సౌకర్యం వచ్చింది, ఆర్గనిస్టులు దాన్ని వదులుకోరు. కానీ ప్రతి తరానికీ ఒకసారి ఆ భాగాన్ని కొత్తగా కొనాలి. ప్రభుత్వ బడ్జెట్లు, దాతల విరాళాలు ఆ లెక్కను ఇప్పటినుంచే దృష్టిలో పెట్టుకోవాలి.

మంట ఆర్గాన్‌ను అందుకుంటే ఏమవుతుందో ఫ్రాన్స్‌కు తెలియనిది కాదు. 2020 జూలై 18న, నోత్రదామ్ ఆర్గాన్‌ను విప్పడానికి రెండు వారాల ముందు, నాంత్ నగరంలోని చర్చికి ఒకడు నిప్పుపెట్టాడు. 1621 నాటి ఆర్గాన్ విప్లవాన్నీ, రెండో ప్రపంచయుద్ధపు బాంబులనూ, 1972లో కప్పు తగలబడిన ప్రమాదాన్నీ దాటి వచ్చింది. ఈసారి మంట ఆర్గాన్ దగ్గరికే వచ్చింది. చెక్క బూడిదైంది, తగరం, సీసం కరిగి కారిపోయాయి. బాగుచేయడానికి అక్కడ వాయిద్యమే మిగల్లేదు.